పండకముందే కోసే ద్రాక్ష



సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైందో లేదో మా ఆదోని బజారులో ద్రాక్ష బండ్లు కనబడడం మొదలవుతుంది. "ఒకటి నోట్లో వేసుకుని చూడమ్మా" అంటాడు బండి అబ్బాయి. మనం చూస్తాం. తియ్యగా ఉంటే అర కిలో తూయించుకుంటాం. పుల్లగా ఉంటే మొహం చిట్లించి పక్క బండికి పోతాం. పుల్ల ద్రాక్ష అంటే మనకి ఎప్పుడూ చులకనే. కథలో నక్క కూడా అందని ద్రాక్షని పుల్లన అనే కదా తిట్టిపోసింది!

అలాంటిది, పుల్లగా ఉండగానే కావాలని కోసే ద్రాక్ష ఒకటుంది. తియ్యబడితే అది ఆ పనికి పనికిరాదు. ఈ వారం ఆ సంగతి రాయడానికి కారణం ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక ఉత్తరం. రాసిన చెల్లెలు తన పేరు వేయొద్దంది, కాబట్టి వేయడం లేదు. ఉత్తరం మాత్రం చదవండి.

"అక్కా, మాది నేతపని ఇల్లు. మా ఆయన మగ్గం మీద కష్టపడి మా పెద్దోణ్ణి అగ్రికల్చర్ బీఎస్సీ చదివించినాడు. పోయిన ఏడు వానికి నాసిక్ దిక్కు ఒక ద్రాక్షతోటలో ఉద్యోగం వచ్చింది. జీతం బాగానే ఉంది. అయితే ఆ ద్రాక్ష తినేదానికి కాదంట, బుడగలు వచ్చే వైన్ చేసేదానికంట. మా ఆడబిడ్డ ఈ మాట విని పెండ్లిలో నలుగురి ముందర 'మీ వాడు సారాయి కంపెనీలో చేరినాడంట కదా' అనింది. నాకు తల కొట్టేసినట్లయింది. రేపు పిల్లనిచ్చేవాళ్లు కూడా వెనకాడతారేమోనని భయంగా ఉంది. వాణ్ణి అడిగితే 'పండకముందే కోయించేదే నా పని అమ్మా' అని నవ్వుతాడు. పండకముందే కోయించేది కూడా ఒక ఉద్యోగమేనా? ఆ పని మానేసి రమ్మని చెప్పాల్నా?"

చెల్లీ, నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఆ పని ఏమిటని. రెండు, ఆ పని మంచిదేనా అని. మొదటిది తెలియకుండా రెండోదానికి జవాబు చెప్పడం తొందరపాటు. కాబట్టి ముందు తోటలోకి పోదాం పద.

ఆవకాయకి పండు పనికొస్తుందా?

ఆవకాయ పెట్టేటప్పుడు నువ్వు ఎలాంటి కాయ తెస్తావు? గట్టిగా, పుల్లగా, టెంక కట్టిన కాయ. నాలుగు రోజులు ఆలస్యమై కాయ కొంచెం దోరగిల్లిందంటే "ఇది పచ్చడికి నిలవదు" అని పక్కన పెట్టేస్తావు. చింతకాయ తొక్కు సంగతీ అంతే. కాయలో గింజ గట్టిపడకముందే కొట్టించి, ఉప్పూ పసుపూ వేసి దంచి జాడీకెత్తుతాం. అదే చెట్టుకి వదిలేస్తే చింతపండవుతుంది. అది వేరే సరుకు, దాని వాడకం వేరు. తొక్కుకి కాయ ఎప్పుడు కోయాలో మనకి పుస్తకం చూసి తెలియలేదు. అమ్మమ్మ గిల్లి చూసేది, అమ్మ కొరికి చూసేది, మనమూ అంతే.

బుడగల వైన్‌కి ద్రాక్ష కోయడం సరిగ్గా ఇలాంటిదే. పేరుకి ద్రాక్షే అయినా, వాడకాన్ని బట్టి కోత రోజు మారిపోతుంది. ఇంకో తమాషా చెప్పనా? ద్రాక్షలో ఉండే ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులో ఉన్నదీ అదే. అంటే మీ అబ్బాయి అక్కడ కాపలా కాస్తున్న పులుపూ, నువ్వు ఇక్కడ చారులో పిండుతున్న పులుపూ ఒకటేనన్నమాట.

పులుపు ఎందుకు కావాలి?

దీనికి కారణం అర్థం కావాలంటే ఆ బుడగలు ఎక్కడివో తెలియాలి. దోసెపిండి రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగుతుంది కదా. కంటికి కనబడని సూక్ష్మజీవులు పిండిని పులియబెట్టి బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. ఆ వాయువే పిండిని పైకి లేపుతుంది. ద్రాక్షరసంలో ఆ పని ఈస్ట్ చేస్తుంది. రసంలో చక్కెరను తిని ఆల్కహాలునీ, వాయువునీ వదులుతుంది. మామూలు వైన్ చేసేటప్పుడు ఆ వాయువు గాలిలో కలిసిపోతుంది. బుడగల వైన్‌కి మాత్రం ఈ పని రెండుసార్లు చేయిస్తారు. మొదటిసారి పులిసి వైన్ అయిన రసాన్ని సీసాల్లో పోసి, లీటరుకి సుమారు 24 గ్రాముల చక్కెరా, కొంచెం ఈస్టూ కలిపి బిగించేస్తారు. ఈసారి వాయువుకి బయటికి దారి లేదు. అది వైన్‌లోనే ఇమిడిపోతుంది. లోపలి ఒత్తిడి కారు టైరులో గాలికి దాదాపు మూడింతలు ఉంటుంది. అందుకే ఆ సీసాలు అంత దళసరిగా ఉంటాయి. పూర్వం ఫ్రాన్సులో నేలమాళిగల్లో పనిచేసేవాళ్లు సీసాలు పేలితే దెబ్బ తగలకుండా ముఖానికి ఇనుప తొడుగులు పెట్టుకునేవాళ్లు. (పనిలో పనిగా ఒక మాట. టీవీలో చూశామని పిల్లలు పళ్లరసంలో చక్కెరా ఈస్టూ వేసి గాజు సీసా బిగిస్తామంటే చస్తే ఒప్పుకోకండి. కళ్లు పోతాయి.)

ఇప్పుడు పులుపు సంగతికి వద్దాం. రెండోసారి పులిసినప్పుడు ఆల్కహాలు ఇంకొంచెం పెరుగుతుంది, నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు. మొదటే బాగా తియ్యటి ద్రాక్ష వాడితే చివరికి ఘాటెక్కిపోతుంది. అందుకని చక్కెర తక్కువగా ఉన్నప్పుడే కోయాలి. రెండోది, ఆ సీసా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చీకట్లో పడుకోవాలి. అన్నాళ్లూ పాడవకుండా, చప్పబడకుండా కాపాడేది పులుపే. జాడీలో తొక్కుని కాపాడేది కూడా ఉప్పుతో పాటు ఆ పులుపే కదా. మూడోది, కాయ బాగా పండితే రుచీ వాసనా బరువెక్కుతాయి. బుడగల వైన్‌కి తేలికపాటి రుచి కావాలి.

కొలత కూడా చెబుతాను. నూరు గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో ఆ లెక్కని బ్రిక్స్ అంటారు. మామూలు వైన్‌కి 22 నుంచి 24 బ్రిక్స్ వచ్చేదాకా ఆగితే, బుడగల వైన్‌కి 17 నుంచి 19 మధ్యలోనే కోసేస్తారు.

కోత రోజు ఎలా తెలుస్తుంది?

మీ అబ్బాయి పని ఇక్కడుంది చెల్లీ. కోత దగ్గర పడుతుంటే మాటిమాటికీ తోటంతా తిరగాలి. ఒక్క గుత్తి చూస్తే సరిపోదు. వరసకి రెండు పక్కలా, గుత్తి పైనుంచీ నడుమనుంచీ కొసనుంచీ ఒక్కో పండు తెంపి చూడాలి. ఎండ తగిలే వైపు పండు ముందు తియ్యబడుతుంది, ఆకు చాటుది వెనకబడుతుంది. ఆ పండ్లన్నీ పిండి, ఒక చుక్క రసాన్ని రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న గొట్టం లాంటి పరికరం మీద వేసి వెలుతురుకి పెట్టి చూస్తే చక్కెర ఎంతో కనబడుతుంది. పులుపుని వేరే పరీక్షతో కొలుస్తారు. ఇన్ని కొలతలున్నా చివరికి నమిలి చూడాల్సిందే. తోలు ఎంత మెత్తబడింది, గింజ రంగు ఎంత మారింది అన్నది నాలుకకీ కంటికీ తెలిసినంత పరికరానికి తెలియదు.

తొందరపడితే పచ్చి వాసన. ఆలస్యమైతే పులుపు పోతుంది. మన ఎండలకి అది మరీ తొందరగా పోతుంది. ద్రాక్షలో మాలిక్ ఆమ్లం అని ఇంకో పులుపుంది, పచ్చి ఆపిల్‌లో ఉండేది. వేడికి అది కరిగిపోతుంది. రాత్రిళ్లు చలిగా ఉంటే నిలుస్తుంది. అందుకే మన దేశంలో ఈ ద్రాక్షని చలికాలం ఉండగానే, డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి లోపల కోయాలని చూస్తారు.

ఫ్రాన్సులో చలికాలం రాగానే తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో లేస్తుంది. పూత వచ్చిన నూరు రోజులకి కోత అని అక్కడి పాత లెక్క. మన దగ్గర తీగకి అంత నిద్ర లేదు. అందుకని మనిషే కత్తిరించి దారిలో పెట్టాలి. వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక అక్టోబరు ప్రాంతంలో ఒకసారి, ఏడాదికి రెండు కత్తిరింపులు. మొదటిది కొమ్మ కోసం, రెండోది కాయ కోసం. ఏడాదికి రెండుసార్లు కత్తెర వేసినా కోత మాత్రం ఒక్కటే. ఆ ఒక్క కోతకి రోజు తప్పితే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే. ఇప్పుడు చెప్పు, అది ఉద్యోగం కాదా?

తెల్లవారకముందే తోటలో

కోత రోజు పని చీకటితోనే మొదలవుతుంది. ఎండెక్కితే పండు వేడెక్కి, తెంపిన దగ్గరే పులవడం మొదలుపెడుతుంది. ఒక చేత్తో గుత్తిని అందుకుని, రెండో చేత్తో చిన్న కత్తెరతో తొడిమ దగ్గర కత్తిరిస్తారు. గుత్తిని నలపకూడదు, విసరకూడదు. కుళ్లిన పండుంటే అక్కడే ఏరి పారేయాలి. పెద్ద గంపల్లో కుక్కితే అడుగున ఉన్నవి చితికిపోతాయి కాబట్టి చిన్న ట్రేలలో పేరుస్తారు. మన దేశంలో తోటల్లో ఈ పనికి వంగే నడుములు చాలావరకు ఆడవాళ్లవే.

ఇంత సుతారం ఎందుకంటే, పండు చిట్లితే రసానికి గాలి తగిలి రంగు మారుతుంది. నల్లద్రాక్ష అయితే మరీ కష్టం. ఫ్రాన్సులో షాంపేన్ అనే ప్రాంతం ఉంది. అక్కడ చేసిన బుడగల వైన్‌నే షాంపేన్ అనాలి, మిగతా చోట్ల చేసినదాన్ని స్పార్క్లింగ్ వైన్ అంటారు. ఆ షాంపేన్‌కి వాడే మూడు ముఖ్యమైన ద్రాక్షల్లో రెండు నల్లవే. అయినా వైన్ తెల్లగా ఉంటుంది. రంగంతా తోలులోనే ఉంది, రసంలో లేదు. గుత్తి చితక్కుండా గానుగ దాకా వస్తే తెల్లరసమే దిగుతుంది. అందుకే అక్కడ యంత్రంతో కోయడం నిషేధం. ప్రతి గుత్తినీ చేత్తోనే కోయాలి.

గానుగలో కూడా తొడిమలు తీయకుండా గుత్తులు గుత్తులుగానే వేస్తారు. తొడిమల సందుల్లోంచి రసం సులువుగా జారుతుంది. మెల్లగా నొక్కుతారు. షాంపేన్‌లో లెక్క ఎంత కచ్చితమంటే, 4,000 కిలోల ద్రాక్షకి 2,550 లీటర్ల రసం మాత్రమే తీయాలి. అందులో మొదట దిగిన 2,050 లీటర్లు మేలురకం, తరువాతి 500 లీటర్లు రెండోరకం. ఇంకా గట్టిగా పిండితే రసం వస్తుంది గానీ వగరు దిగుతుంది. కొబ్బరిపాలు మొదటిసారి పిండినవి వేరు, రెండోసారివి వేరు అని మనకి తెలియదా!

సీసా మీద ఒక వితంతువు పేరు

ఈ కథలో నన్ను బాగా ఆకట్టుకున్న మనిషి ఒకామె ఉంది. 1805లో షాంపేన్ ప్రాంతంలో రాన్స్ అనే ఊళ్లో 27 ఏళ్లకే భర్తని పోగొట్టుకుంది. చేతిలో ఒక ఆడపిల్ల. పేరు బార్బ్ నికోల్ క్లికో. ఆ రోజుల్లో ఫ్రాన్సు చట్టం ప్రకారం పెళ్లయిన ఆడది భర్త అనుమతి లేకుండా వ్యాపారం చేయడానికి వీల్లేదు. వితంతువు చేయొచ్చు. చూశారా విచిత్రం! ఆమె మామగారిని ఒప్పించి భర్త వ్యాపారాన్ని చేతిలోకి తీసుకుంది.

అప్పట్లో పెద్ద చిక్కు ఏమిటంటే, సీసాలో రెండోసారి పులిశాక ఈస్ట్ చచ్చి మడ్డిగా మిగిలేది. వైన్ మసకగా ఉండేది. మడ్డి తీయబోతే బుడగలు పోయేవి. 1816 ప్రాంతంలో ఆమె, ఆమె దగ్గర పనివాళ్లు కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు. బల్లకి రంధ్రాలు చేసి సీసాల్ని తలకిందులుగా వాల్చి, రోజూ కొంచెం కొంచెం తిప్పుతూ పోతే మడ్డంతా మూతి దగ్గరికి చేరుతుంది. అప్పుడు ఒక్కసారి మూత తీస్తే మడ్డి ఎగిరిపోతుంది. రెండు వందల ఏళ్లు దాటినా ఈనాటికీ పద్ధతి అదే. చాలాచోట్ల తిప్పే పని మాత్రం యంత్రాలు చేస్తున్నాయి.

ఆ కంపెనీ సీసా మీద ఇప్పటికీ "వెవ్ క్లికో" అనే ఉంటుంది. ఫ్రెంచిలో వెవ్ అంటే విధవ. మన దగ్గర శుభకార్యంలో భర్తపోయిన ఆడది ఎదురొస్తే మొహం తిప్పుకునే మనుషులు ఇంకా ఉన్నారు. అక్కడ పెళ్లిళ్లలో, పండగల్లో తెరిచే సీసా మీద విధవ అన్న మాటే పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఈ ఒక్క ముక్క కోసమైనా ఆమె కథ చెప్పాలనిపించింది.

మన చుట్టుపక్కల

ఇదంతా ఎక్కడో విదేశాల గొడవ అనుకోకండి. ద్రాక్ష మన తెలుగువాళ్లకి కొత్త కాదు. గింజ ఉండే పెద్ద పండు, అనాబెషాహీ, 1890లో హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ తోటలో మొదలై దేశమంతా పాకిందని చెబుతారు. హైదరాబాదు చుట్టూ ద్రాక్షతోటలు ఒకప్పుడు పేరుమోసినవి. అనంతపురం వైపు తోటలు మనకి దగ్గరే.

వైన్ ద్రాక్ష కూడా మరీ దూరంలో లేదు. ఆదోని నుంచి పడమరగా సిరుగుప్ప దాటి పోతే కర్ణాటకలో హంపి కొండల ప్రాంతంలో హైదరాబాదుకు చెందిన తెలుగు దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ గార్లు "కృష్మ" అనే వైన్ తోట పెట్టారు. ఇద్దరి పేర్లూ కలిపి పెట్టిన పేరది. మనలాంటి ఎండ, మనలాంటి రాళ్ల నేల. బెంగళూరు దగ్గర నందికొండల కింద 1980ల చివర కన్వల్ గ్రోవర్ గారు షాంపేన్ ప్రాంతపు నిపుణుడు జార్జ్ వెసెల్ సాయంతో తోట వేశారు. పుణె దగ్గర నారాయణగావ్‌లో 1980లలోనే బుడగల వైన్ తయారై విదేశాలకి వెళ్లింది. నాసిక్‌లో రాజీవ్ సామంత్ గారి సూలా తొలి వైన్లు 2000లో వచ్చాయి. ఫ్రెంచి కంపెనీ షాందన్ 2013లో మన దేశంలో తన బుడగల వైన్ విడుదల చేసింది. అక్కడ ఇందుకు ఎక్కువగా వాడే తెల్లద్రాక్ష పేరు షెనిన్ బ్లాంక్. మీ అబ్బాయి పొద్దున్నే నమిలి చూసేది దాన్నే అయి ఉండొచ్చు.

మన సుగ్గి, వాళ్ల సుగ్గి

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ఆ పని మంచిదేనా?

మన పడమటి మండలాల్లో సుగ్గి అంటే తెలియనివాళ్లు లేరు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు వానలు మొహం చాటేసిన ఏడు ఊళ్లకి ఊళ్లే సుగ్గికి పోతాయి. గుంటూరు దిక్కు మిరపకోతకి, పత్తి తీయడానికి. ముసలివాళ్లు ఇంటి దగ్గర, బడికి పోవాల్సిన పిల్లలు తల్లి వెంట. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ఒక ఏడు అలాగే పోయింది. తిరిగొచ్చాక చేతులు చూపించింది. మిరపకారానికి వేళ్ల సందులన్నీ పొక్కి ఉన్నాయి. "అమ్మా, నెల దాకా పిల్లోనికి నా చేత్తో అన్నం కలిపి పెట్టలేకపోతిని" అంది. ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. మన ఇంట్లో ఎర్రటి కారం వెనక ఆ చేతులున్నాయి.

ద్రాక్షకోత కూడా సుగ్గే. షాంపేన్‌లో ఏటా లక్షమంది దాకా కూలీలు ఆ రెండు మూడు వారాలకి వచ్చి చేరతారు. 2023 సెప్టెంబరు కోతల్లో ఎండలు ముదిరి కొందరు కూలీల ప్రాణాలు పోయాయి. అదే ఏడు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన 50 మందికి పైగా కూలీలను సరైన పడకా, తిండీ, శుభ్రమైన మరుగుదొడ్డీ లేని చోట ఉంచి పని చేయించుకున్నారని తేలింది. 2025 జులైలో అక్కడి కోర్టు ముగ్గురికి మనుషుల అక్రమ రవాణా నేరం కింద శిక్ష వేసింది. ఎంత ఖరీదైన సీసా అయినా ద్రాక్ష కోసిన చేతికి కూలి సరిగా దక్కకపోతే అది పాపిష్టి సొమ్మే.

కాబట్టి చెల్లీ, మీ అబ్బాయిని మానేసి రమ్మనకు. ఈసారి ఫోను చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడుగు. నీ తోటలో కోతకొచ్చే ఆడవాళ్లకి మగవాళ్లతో సమానంగా కూలి ఇస్తున్నారా? తాగడానికి నీళ్లు, కూర్చోవడానికి నీడ, చాటుకి పోవడానికి చోటు ఉన్నాయా? వాళ్ల వెంట వచ్చిన పిల్లలు కోత జరిగినన్నాళ్లూ ఎక్కడుంటున్నారు, బడికి పోతున్నారా? ఈ మూడింటికీ అతను తడుముకోకుండా జవాబు చెబితే ఆ ఉద్యోగం గురించి నువ్వు తల దించుకోనక్కర్లేదు. తడుముకుంటే, సరిచేసే పని మొదలుపెట్టమను. కోత రోజు నిర్ణయించేవాడికి ఆ మాత్రం మాట చెల్లుతుంది.

ఇక సారాయి మాట. వైన్ గొప్పవాళ్ల తాగుడు కాబట్టి అది తాగుడు కాదని నేను చెప్పను. పేరు ఏదైనా మత్తు మత్తే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారాయి దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లాలన్నీ అంటుకుని 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయి నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమూ వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ పోరాటం చేసినవాళ్లు మన అక్కచెల్లెళ్లే. వాళ్ల కన్నీళ్లు తెలిసినవాళ్లెవరూ ఏ సీసాకీ హారతి పట్టరు. నేనూ పట్టను. మీ అబ్బాయికి ఆ అలవాటు అంటకుండా చూసుకోమని తల్లిగా నువ్వు చెప్పొచ్చు, చెప్పాలి కూడా.

కానీ ద్రాక్షతీగ పెంచడం వ్యవసాయం. అందులో నేల, నీరు, ఎండ, చలి, చీడ, పులుపు, తీపి అన్నీ తెలియాలి. మీ ఆయన నూలు పట్టి చూసి ఎంత బిగువు ఆగుతుందో చెప్పగలడు. నువ్వు చింతకాయ గిల్లి చూసి తొక్కుకి పనికొస్తుందో లేదో చెప్పగలవు. మీ అబ్బాయి ద్రాక్ష నమిలి చూసి కోత రోజు చెప్పగలడు. మీ ఇంటి విద్యే అతని చేతికొచ్చింది. ఈసారి ఆడబిడ్డ అడిగితే కోపం తెచ్చుకోకుండా "మా వాడు తోటమాలి వదినా. ద్రాక్ష ఏ రోజు కోయాలో చెప్పేది వాడే" అను. పిల్లనిచ్చేవాళ్లకీ అదే చెప్పు. దాచిపెట్టి చేసిన పెళ్లికన్నా చెప్పి చేసిన పెళ్లి మేలు.

ఈ వారం వంట: పుల్ల ద్రాక్ష పచ్చడి

ఇన్ని కబుర్లు చెప్పి వంట చెప్పకపోతే మీరు ఊరుకోరు కదా. బండి మీద పుల్లటి పచ్చద్రాక్ష దొరికితే వదలకండి, బేరమాడి తెచ్చుకోండి.

కావలసినవి: పుల్లటి పచ్చద్రాక్ష పావుకిలో, పచ్చిమిరపకాయలు ఎనిమిది, వేయించి పొట్టు తీసిన వేరుశనగ పప్పు అర కప్పు, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, జీలకర్ర ఒక చెంచా, నూనె రెండు చెంచాలు, ఉప్పు తగినంత, తాలింపు గింజలు, ఎండుమిర్చి, కరివేపాకు.

ద్రాక్షని ఉప్పునీళ్లలో పదినిమిషాలు ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి తుడవండి. ఒక చెంచా నూనెలో పచ్చిమిర్చి వేయించి తీసి, అదే మూకుట్లో ద్రాక్ష వేసి తోలు చిట్లేదాకా మగ్గనివ్వండి. రోట్లో ముందు వేరుశనగ పప్పు, జీలకర్ర, ఉప్పు, మిర్చి నూరి, తరువాత వెల్లుల్లి, చివర్న ద్రాక్ష వేసి కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా నూరితే రుచి పోతుంది. మిగిలిన నూనెతో తాలింపు పెట్టండి. చింతపండు అక్కర్లేదు, ఆ పులుపు ద్రాక్షలోనే ఉంది. వేడి జొన్నరొట్టె మీదికి బాగుంటుంది. గింజలున్న ద్రాక్షయితే గింజలు తీసి వేయండి, లేకపోతే చేదెక్కుతుంది.

ద్రాక్ష కొనేటప్పుడు తొడిమ పచ్చగా ఉందో లేదో చూడండి. పండు మీద సన్నటి తెల్లపొడి పూసినట్టుంటే అదంతా మందే అనుకోకండి, తీగ సహజంగా పెట్టుకునే పూత కూడా అలాగే ఉంటుంది. ఏదైనా సరే, కడగకుండా మాత్రం తినొద్దు. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు కడగకుండా పెట్టి, తినే ముందు కడుక్కోండి.

ఎమ్మిగనూరు చెల్లీ, మీ అబ్బాయి ఆ మూడు ప్రశ్నలకి ఏం జవాబు చెప్పాడో మళ్లీ ఉత్తరం రాయి. ఎదురుచూస్తుంటాను.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. సెలవు.